బొమ్మలకూ పాఠాంతరాలు

తెలుగు పాఠం చెప్పుకుని బ్రతికేవాడికి పాఠాంతరం కనిపిస్తే పండుగే. ఒక ప్రతిలో 'వలచి' అని, మరొక ప్రతిలో 'తలచి' అని ఉన్నదనుకోండి. ఆ రోజు గంట కొట్టినా మా క్లాసు లేవదు. ఆ ఒక్క అక్షరం మార్చినది ఎవరు? గంటం జారిందా? వ్రాయసగాడికి కునుకు వచ్చిందా? లేక ఆయన కూడా కాస్త కవిత్వం తెలిసినవాడు గనుక, ఉన్నదానికి మెరుగు పెడదామనుకున్నాడా? బ్రౌను దొర ఈ చిక్కులు విప్పడానికే పండితులకు జీతాలిచ్చి, వ్రాతప్రతులు తెప్పించి, ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చదివించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయినాయంటే వాటి వెనుక అంత చాకిరీ ఉన్నది. ఇట్లాంటి చాకిరీని లోకం పాండిత్యం అంటుంది.

అదే చాకిరీ ఒకడు ప్లాస్టిక్ బొమ్మల మీద చేస్తే మాత్రం లోకం దానికి వేరే పేరు పెడుతుంది. ఆ పేరు మా అక్కయ్య నోట రోజూ వింటూనే ఉన్నాను.

అక్కయ్య కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తున్నాడు. ముప్పై ఆరేళ్లవాడు, ఒక పిల్లకు తండ్రి. పండుగకు సూర్యాపేట వచ్చాడంటే అటక ఎక్కి ఒక ట్రంకు పెట్టె దించుతాడు. దాని నిండా వాడు చిన్నప్పుడు ఆడుకున్న జానెడు కూడా లేని సిపాయి బొమ్మలు. వాటిని చాప మీద వరుసగా నిలబెట్టి, భూతద్దం పెట్టి చూస్తూ, నోటు పుస్తకంలో ఏమో వ్రాసుకుంటాడు.

"ఒక్కడికే మూడు బొమ్మలెందుకురా?" అంటుంది అక్కయ్య.

"ఒక్కడు కాదమ్మా. దీని నడికట్టు నల్లది, దానిది గోధుమ రంగు. మూడోదాని వీపు మీద అక్షరాలు వేరు."

"కందిపప్పులో రాళ్లు ఏరమంటే కళ్లు కనపడవంటావు. దీనికి కనపడతాయా?"

వాడు నావైపు తిరిగి, "నువ్వే చెప్పు మామయ్యా, ఇది నీ పాఠాంతరం కాదూ?" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉన్నదో లేదో తేల్చడానికి నేను కొంత చదివాను, కొంత అడిగి తెలుసుకున్నాను. తేలినదేమిటో చదువరుల ముందు పెడుతున్నాను.

* * *

ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికా. 1977లో జార్జి లూకాస్ అనే ఆయన 'స్టార్ వార్స్' అని ఒక సినిమా తీశాడు. గ్రహాల మధ్య యుద్ధాలు, మాటలాడే యంత్రాలు, వెలుగుతో చేసిన కత్తులు. మన జానపద చిత్రాలలోని రాకుమారుడు, రాకుమారి, మాంత్రికుడు, గురువు అందరూ అందులో ఉన్నారు. గుర్రాలకు బదులు విమానాలెక్కుతారు, అంతే తేడా. బొమ్మలు చేసే హక్కు సిన్సినాటి నగరంలోని కెన్నర్ అనే కంపెనీకి దక్కింది. ఆ కంపెనీలో జిమ్ స్వేరింజెన్ అనే నమూనాకారుడు ఈ కథను బొమ్మలుగా చేయాలని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు.

సినిమా విరగబడి ఆడింది. క్రిస్మస్ వచ్చేసింది. బొమ్మలు మాత్రం తయారు కాలేదు. అప్పుడు ఆ కంపెనీవారు చేసిన పని వింటే మన కోమటి పేటల్లోని వ్యాపారులు కూడా ముక్కు మీద వేలు వేసుకుంటారు. ఖాళీ అట్టను అమ్మారు! ఒక అట్ట కవరు, దానితో ఒక చీటీ. ఆ చీటీ పోస్టులో పంపితే 1978లో బొమ్మలు తయారు కాగానే నాలుగు ఇంటికి వస్తాయన్నమాట. పిల్లలు ఖాళీ కవరు పట్టుకుని నెలల తరబడి పోస్టుమాన్ కోసం కాచుకున్నారు. ఈనాడు ఆ అట్టను కూడా జాగ్రత్తగా దాచుకునేవారున్నారు.

మొదట వచ్చినవి 12 బొమ్మలు. చాలావాటి ఎత్తు మూడున్నర, నాలుగు అంగుళాల మధ్య. అట్ట వెనుక ఆ పన్నెండు బొమ్మల ఫోటోలు ఉంటాయి. తరువాత బొమ్మలు పెరిగినకొద్దీ ఆ ఫోటోలూ పెరిగాయి: 20, 21, అట్లా 92 దాకా. కనుక ఒక అట్ట తిప్పి ఫోటోలు లెక్కపెడితే అది ఏ కాలపుదో తెలిసిపోతుంది. మనం ఒక పుస్తకం వెనుక అట్ట మీది 'మా ఇతర ప్రచురణలు' చూసి, ఆ ప్రతి ఎన్నో ముద్రణో ఊహిస్తాం గదా, అచ్చం అదే ఉపాయం. 1985 దాకా సాగిన ఈ వరుసలో తొంభైకి పైగా బొమ్మలు వచ్చాయి.

తొంభై బొమ్మలకు తొంభై వరుసల పట్టిక చాలునని మీరనవచ్చును. అక్కడే ఉన్నది అసలు తమాషా.

జావా అని ఒక మరుగుజ్జు బొమ్మ ఉన్నది. మొదట దానికి రెక్సిన్ లాంటి ప్లాస్టిక్ అంగీ తొడిగారు. బొమ్మ అసలే చిన్నది, పైన ఆ నాసిరకం అంగీ; మిగతావాటితో సమానంగా డబ్బు పుచ్చుకుని ఇదా ఇచ్చేది అని జనం అనుకుంటారని తోచి, కొద్ది కాలానికే గుడ్డ అంగీ కుట్టించారు. ప్లాస్టిక్ అంగీది చవకగా ఉన్నదని తీసివేశారు గనుక తక్కువ మిగిలింది; తక్కువ మిగిలింది గనుక నేడు గుడ్డ అంగీ దాని ముందు నిలువదు. చవకబారుతనమే విలువ అయి కూర్చున్నది చూడండి.

నాయకుడి చేతిలోనుండి వెలుగు కత్తి బయటికి జరుగుతుంది. మొదటి కొద్ది బొమ్మలలో ఆ కత్తిలోనుండి ఇంకొక సన్నని మొన కూడా జరిగేది. తరువాత దానిని మానివేశారు. ఆ రెండో మొన ఉన్న బొమ్మ దొరికితే ఇక సంబరమే.

ఇంకొక మృగముఖుడున్నాడు, స్నాగుల్‌టూత్ అని. బొమ్మ చేసేవారికి దొరికిన ఫోటోలో వాడు నడుము దాకానే ఉన్నాడు. పాపం, వారేం చేస్తారు? మిగతాది ఊహించి పొడుగాటి మనిషిని చేసి, నీలం బట్టలూ బూట్లూ వేశారు. సియర్స్ అనే పెద్ద దుకాణంవారు 1978లో అమ్మిన ఒక సెట్టులో ఆ బొమ్మ వెళ్లిపోయింది. తీరా చూస్తే సినిమాలో వాడు పొట్టివాడు, ఎర్ర బట్టలవాడు, కాళ్లకు చెప్పులైనా లేనివాడు. తరువాతి బొమ్మను సరిచేశారు. శిథిల ప్రతిలో సగం పద్యం దొరికితే మిగతా సగం పూరించే పండితుడి పని ఇంతకంటె భిన్నంగా ఉంటుందా? పూరణ తప్పయితే అదొక పాఠాంతరం!

అన్ని మార్పులూ నవ్వుకునేవి కావు. 1979లో బోబా ఫెట్ అనే వేటగాడి బొమ్మ వీపు నుండి చిన్న రాకెట్టు ఎగురుతుందని ప్రకటించారు. ఇంతలో వేరొక కంపెనీవారి బొమ్మ విమానం నుండి ఎగిరే ముక్క గొంతులో పడి ఒక పసివాడు మరణించాడు. కెన్నర్ వారు రాకెట్టును కదలకుండా బిగించివేసి, ఎందుకట్లా చేయవలసివచ్చిందో చీటీ వ్రాసి బొమ్మతో పంపారు. రాకెట్టు ఎగిరే నమూనాలు కొద్దిగా మాత్రమే మిగిలాయి; వాటి వీపు మీది గాడి ఏ అక్షరంలా ఉన్నదో చూసి రెండు రకాలుగా విడదీస్తారు. వేలంలో వాటికి లక్షల డాలర్లు పలికిన సందర్భాలున్నవి. ఆ గాడి వెనుక ఒక తల్లి కడుపుకోత ఉన్నదని వేలం పాడేవారిలో ఎందరికి గుర్తుంటుందో మరి. పట్టిక వ్రాసేవాడు మాత్రం కారణం కూడా వ్రాస్తాడు. వ్రాయాలి.

* * *

ఇన్ని తేడాలు ఎందుకు వస్తాయంటారా? మా వ్రాయసగాళ్ల కారణాలే ఇక్కడా ఉన్నవి. ఒకే బొమ్మను హాంకాంగులో ఒక ఫ్యాక్టరీ, తైవానులో ఒక ఫ్యాక్టరీ చేస్తుంది. కాలి మీద దేశం పేరు మారుతుంది. అచ్చు అరిగితే ముక్కు మొద్దుబారుతుంది. డబ్బాలో రంగు అయిపోతే దగ్గరి రంగు వేస్తారు. పైసా మిగులుతుందంటే ఒక భాగం ఎగిరిపోతుంది. అచ్చులు ఇంకొక దేశానికి వెళితే అక్కడివారి అభిరుచి వచ్చి చేరుతుంది. అనుమతి అక్కరలేదనుకునేవారూ ఉన్నారు: తుర్కీలో 'ఉజాయ్' పేరుతో వచ్చిన దొంగ బొమ్మలకు పేర్లు కూడా వారే కల్పించారు. దొంగ ప్రతిలోని తప్పులు చూసి అది ఏ మూలానికి నకలో కనిపెట్టినట్టు, ఈ బొమ్మల వంశవృక్షాలు కూడా గీస్తున్నారు.

పట్టిక వ్రాసే పద్ధతి కూడా మన పద్ధతే. ముందు బొమ్మ పేరు. తరువాత ఒంటి మీద అచ్చయిన అక్షరాలు, సంవత్సరం, దేశం. తరువాత జుట్టు రంగు, కళ్లు దిద్దిన తీరు, తల పరిమాణం. ఇదంతా 'చూసినది'. దాని ప్రక్కన 'అనుకుంటున్నది' అని వేరే గడి. ఈ రెండు గడులూ కలపనివాడే మంచి పట్టికకారుడు. కాలి మీది సంవత్సరం అచ్చుకు హక్కు పుట్టిన సంవత్సరమే గాని, ఆ బొమ్మ పుట్టిన సంవత్సరం కానక్కరలేదు. ఈ ఒక్క సంగతి తెలియక బోల్తా పడినవారు ఎందరో.

ఇందువల్ల లాభమేమిటి? మొదటి లాభం మోసం తగ్గడం. జావా ప్లాస్టిక్ అంగీకి ధర వచ్చిందని తెలియగానే, పెద్ద బొమ్మ అంగీని కత్తిరించి చిన్న బొమ్మకు తొడిగే ఘనులు పుట్టుకొచ్చారు. చేతుల రంధ్రాలు ఎక్కడ ఉండాలి, అంచు ఎట్లా ఉండాలి అని శ్రద్ధగా వ్రాసిపెట్టినవాడు లేకపోతే, నెల జీతం పోసి కొన్నవాడి గతి ఏమిటి?

రెండవ లాభం ఇంకా పెద్దది. ఆ బొమ్మలు చేసిన ఫ్యాక్టరీలలో చాలా వరకు నేడు లేవు. కెన్నర్ కంపెనీ కూడా చేతులు మారి 1991లో హాస్బ్రో వారి చేతికి వచ్చింది. ఎవరు, ఎక్కడ, ఎందుకు ఏది మార్చారో చెప్పే కాగితాలు పోయినచోట బొమ్మ ఒళ్లే కాగితం. స్టీఫెన్ సాన్స్వీట్ అనే ఒక పత్రికా విలేఖరి ఈ వస్తువులు కూడబెట్టీ కూడబెట్టీ, కాలిఫోర్నియాలో ఒక కోళ్ల ఫారాన్ని మ్యూజియం చేసి, 2013లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడు. పిల్లలాటకు కూడా చరిత్ర ఉన్నదని అక్కడివారు ఒప్పుకున్నారన్నమాట.

* * *

మన దేశంలోనూ ఈ గాలి వీచింది. దూరదర్శన్‌లో హీ-మాన్ కార్టూను చూసిన పిల్లలకు లియో కంపెనీవారు ఆ వీరుడి బొమ్మలు చేసి ఇచ్చారు. 1987లో టైర్ల కంపెనీ ఎం.ఆర్.ఎఫ్. వారూ, హాస్బ్రో వారూ కలిసి ఫన్‌స్కూల్ స్థాపించారు. అమెరికాలో పని అయిపోయిన జి.ఐ. జో సిపాయిల అచ్చులు ఇక్కడికి వచ్చాయి. మనవాళ్లు రంగులు మార్చారు. అక్కడ ఆకుపచ్చ తొడిగిన సిపాయి ఇక్కడ ఇంకో రంగులో తేలాడు. ఆనాడు అది ఎవరూ పట్టించుకోలేదు. ఈనాడు అమెరికా సేకర్తలు ఆ ఇండియా సిపాయిల కోసం వెదుకుతున్నారు. మా మేనల్లుడి నోటు పుస్తకం కథ ఇదీ. సూర్యాపేట ఫ్యాన్సీ షాపులో వాళ్ల నాన్న బేరమాడి కొన్న బొమ్మలకు ఎక్కడో సముద్రాల అవతలి నుండి ప్రశ్నలు వస్తున్నాయి: "మీ దాని బూట్లు ఏ రంగు?"

ఇంతవరకు చదివి, "ఇది డబ్బున్నవాళ్ల వేడుక, మనకెందుకు?" అనుకుంటున్నారేమో. మోతెలో జరిగిన ఒక సంగతి చెబుతాను. పేర్లు అక్కరలేదు.

* * *

మా మోతె సూర్యాపేట నుండి ఖమ్మం వెళ్లే దారిలో ఉన్నది. ఈ ప్రాంతపు మర్యాద మీకు తెలిసే ఉంటుంది. ప్రక్కనున్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం, తాను మాత్రం ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాలో భాగం. అందువల్ల పెళ్లిళ్ల రాకపోకలు అటూ ఇటూ సాగేవి, వాటితోబాటు ఆచారాలు కూడా. అట్లా నందిగామ వైపు నుండి 1950లలో మోతెకు కోడలుగా వచ్చిన ఒక ఇల్లాలు బొమ్మల కొలువు అలవాటును పుట్టింటి నుండి వెంట తెచ్చుకున్నది. కొలువులో నడిమి మెట్టు మీద కొండపల్లి దశావతారాలు.

కోదాడ దాటి, జగ్గయ్యపేట, నందిగామ మీదుగా విజయవాడ పోయే రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వస్తుంది. దాని ప్రక్కనే కొండపల్లి. అక్కడివారు తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. దూదిలా తేలికైన కర్ర అది. దాన్ని ఆరబెట్టి, ఒళ్లు వేరు, చేతులు వేరు చెక్కి, చింతగింజల జిగురుతో అతికిస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో మెత్తి, నునుపు చేసి, సున్నపు పూత వేసి, ఆపైన రంగులు దిద్దుతారు. అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, దశావతారాలు, ఇవి ఆ ఊరి పేరు నిలబెట్టిన బొమ్మలు.

ఆ ఇల్లాలు ఇటీవల కాలం చేశారు. ఇద్దరు కూతుళ్లు. పొలం పంపకంలో రాని మాట బొమ్మల దగ్గర వచ్చింది. 'పది బొమ్మలు, చెరి ఐదు' అన్నది చిన్నామె. లెక్కపెడితే పదకొండున్నాయి! పదకొండవది ఎవరికి? పైగా, పట్నం నుండి వచ్చిన ఒక బంధువు, "అన్నీ తలా ఒక తీరుగా ఉన్నయి. ఒకటి తీసేసి, మిగతా పదింటికీ కొత్త రంగులు కొట్టిస్తే సెట్టుకు మంచి ధర వస్తది. డబ్బే పంచుకోండి" అని సలహా ఇచ్చాడు. రంగులవాడికి కబురు కూడా వెళ్లింది.

నేను తెలుగు సారును గనుక అవతారాలు ఎన్నో చెప్పడానికి నన్ను పిలిపించారు.

"సారూ, మీరే చెప్పుండ్రి. పదకొండు అవతారాలు యాడన్న ఉన్నయా?" అన్నది పెద్దామె.

"అక్కా, ముందు ఒక కాగితం, పెన్సిలు ఇవ్వండి. రంగులవాణ్ణి రేపు రమ్మందాం" అన్నాను.

ఒక్కొక్క బొమ్మనూ తీసి, మేనల్లుడు చెప్పిన పద్ధతి ప్రకారం వ్రాసుకుంటూ పోయాం. పేరు, ఎత్తు, రంగు, పీట అంచు, అతుకులు. తరువాత తిరగేసి పీట అడుగు చూశాం. అడుగున పెన్సిలుతో ధర! ఏడింటి మీద '0-12-0' అని ఉన్నది. రూపాయలు, అణాలు, పైలు, అంటే పన్నెండణాలు. మిగతా నాలుగింటి మీద '1.75'. నయా పైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి. పాత అలవాటు కొంతకాలం సాగుతుంది గనుక అణాల ధర ఉన్నంత మాత్రాన 1957కు ముందువేనని గట్టిగా చెప్పలేం; కాని 1.75 మాత్రం తరువాతిదే. రంగులు కూడా ఆ మాటే చెప్పాయి. అణాల బొమ్మలకు మందకొడి రంగు, పైసల బొమ్మలకు నిగనిగలాడే రంగు.

అణాలవి: మత్స్యం, వరాహం, వామనుడు, పరశురాముడు, రాముడు, బలరాముడు, కృష్ణుడు. పైసలవి: కూర్మం, నరసింహుడు, కల్కి, బుద్ధుడు.

చిక్కు విడిపోయింది. దశావతారాల పట్టిక దేశమంతటా ఒకటి కాదు. కొందరు బలరాముణ్ణి ఎనిమిదవవాణ్ణి, కృష్ణుణ్ణి తొమ్మిదవవాణ్ణి చేస్తారు. కొందరు కృష్ణుణ్ణి ఎనిమిదిలో ఉంచి, తొమ్మిదవచోట బుద్ధుణ్ణి కూర్చోబెడతారు. అమ్మగారు పెళ్లినాడు తెచ్చుకున్న సెట్టు బలరాముడిది. పగిలిన మూడింటికి బదులు తేవడానికి వెళ్లినప్పుడు బుద్ధుడున్న సెట్టు కనిపించింది కాబోలు. ఆయనను కూడా తెచ్చింది. కాని బలరాముణ్ణి తీసివేయలేదు. ఏది సరి అని తేలనప్పుడు రెండు పాఠాలనూ ఉంచమని మేము విద్యార్థులకు చెబుతాం. ఆవిడ ఏ కాలేజీకీ వెళ్లకుండానే ఆ పని చేసింది.

"నరసింహుణ్ణి పగులగొట్టింది నేనే" అన్నది పెద్దామె హఠాత్తుగా. "అమ్మ కొట్టలే. సంక్రాంతికి ముందు నన్ను తీసుకపోయి కొత్తది కొన్నది. వచ్చేటప్పుడు వాన. మునగాల కాడ బస్సు ఆగితే కొంగులో చుట్టుకున్నది బొమ్మలను, నన్ను కాదు."

చిన్నామె ఏమీ అనలేదు. వామనుణ్ణి చేతిలోకి తీసుకుని చూస్తున్నది. అతని గొడుగు అసలుది కాదు. చీపురుపుల్ల కాడ, పైన సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం. "ఇది నాన్న పెట్టెలోది" అన్నది కొంతసేపటికి.

రంగులవాడికి వద్దని కబురు వెళ్లింది. బొమ్మలను విడదీయలేదు. ఒక ఏడు పెద్దామె ఇంట, ఒక ఏడు చిన్నామె ఇంట కొలువు. పట్టిక రెండు నకళ్లు తీసి చెరొకటి ఇచ్చాను. కొత్త రంగు పడి ఉంటే పదకొండు బొమ్మలూ మెరిసేవి. ఆవిడ అరవై ఏళ్ల సంసారం మాత్రం ఆ రంగు క్రిందికి పోయేది.

* * *

అన్ని పట్టికలూ ఇట్లా కథలు చెప్పవు. చాలావాటిలో అంగుళాలు, రంగులు తప్ప మరేమీ ఉండదు. అయినా వ్రాయవలసిందే. ఏ గడిలో ఏమి దొరుకుతుందో వ్రాసేనాడు తెలియదు.

మా ప్రాంతానికి ఈ పని కొత్త కూడా కాదు. మోతెకు దగ్గరలోని నడిగూడెంలో మునగాల రాజావారి కోట ఉన్నది. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగువారికి తెలియవలసినవన్నీ అక్షరక్రమంలో పెట్టాలని 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం' మొదలుపెట్టారు. మూడు సంపుటాలు వచ్చేసరికి 'అ' అక్షరం దగ్గరే ఉన్నారు, 1923లో కన్నుమూశారు. 'అ' దగ్గర ఆగిన పని అని ఎవరూ ఆయనను నవ్వలేదు. తరువాతివారు అందుకున్నారు.

అమెరికా బొమ్మల పట్టికలో ఒక గడి నన్ను చాలాసేపు ఆపింది. 'రూపొందించినవారు' అనే గడి. అక్కడ పేర్లున్నాయి. మోతె పట్టికలో ఆ గడి పదకొండు వరుసలకూ ఖాళీగా ఉన్నది. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊరికి పేరు వచ్చింది; కాని ఆ నరసింహుడి కనుగుడ్లు దిద్దిన చేయి ఎవరిదో పీట అడుగున లేదు. ధర ఉన్నది, మనిషి లేడు.

కనుక చదువరులకు ఒక విన్నపం. అటక మీద ట్రంకు పెట్టె ఉన్నవారు ఈ వేసవి సెలవుల్లో దానిని దించండి. కొండపల్లివి కావచ్చు, నిర్మల్‌వి కావచ్చు, ఏటికొప్పాక లక్క పిడతలు కావచ్చు, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో కొన్న ప్లాస్టిక్ విమానం కావచ్చు. తడి గుడ్డతో తుడవకండి; సున్నపు పూత లేస్తుంది. కొత్త రంగు వేయకండి. విరిగిన చేయి దొరికితే అతికించే ముందు పొట్లం కట్టి, ఏ బొమ్మదో వ్రాసి ఉంచండి. తిరగేసి అడుగు చూడండి. కనిపించినది ఒక గడిలో, అనుకుంటున్నది వేరొక గడిలో వ్రాయండి. ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎవరి కోసం అన్నది ఇంట్లో పెద్దలను అడిగి వ్రాయండి. అది ఏ భూతద్దానికీ కనిపించదు, పెద్దలు ఉన్నప్పుడే దొరుకుతుంది.

ఇక ముందు కొత్త బొమ్మ కొనేవారు, చేసినవారు ఎదురుగా ఉంటే వారి పేరు అడగండి. పీట అడుగున పెన్సిలుతో వారి చేతనే వ్రాయించండి. ధర ప్రక్కన ఇంకొక మాట పట్టే చోటు అక్కడ ఎప్పుడూ ఉంటుంది.